బండి తిరక్కపోయినా ఆయిల్‌కి వయసొస్తుంది!

మా కుటుంబంలో రెండు కార్లున్నాయి. రెండూ ఒకే మోడల్, ఒకే పెట్రోలు ఇంజిను. పోసేది కూడా ఒకే రకం సింథటిక్ ఆయిల్. ఒకదాన్ని నంద్యాలలో మా నాన్న నడుపుతారు. రెండోదాన్ని ఆళ్లగడ్డలో మా బావ నడుపుతాడు. పోయిన ఎండాకాలం వాటిలో ఒకదానికి ఇంజిను విప్పాల్సి వచ్చింది. ఏది అయ్యుంటుందో చెప్పండి చూద్దాం!

బావ ఉద్యోగం నంద్యాలలో. పొద్దున నలభై కిలోమీటర్లు రావాలి, సాయంత్రం మళ్లీ నలభై పోవాలి. ఏడాది తిరిగేసరికి మీటరు మీద 24 వేలు చేరతాయి. నాన్న రిటైరై చాలా కాలమైంది. సంజీవనగర్‌లో ఇల్లు. కారు తీసేది కూరగాయలకు, బ్యాంకుకు, ఎప్పుడైనా మహానందికి. ఏడాదంతా కలిపినా 3 వేలు దాటవు.

బావ కారే అనుకున్నారు కదూ? కాదు. విప్పాల్సి వచ్చింది నాన్న కారును!

దీపం వెలిగింది

ఆ రోజు నాన్న, అమ్మ మహానందికి బయల్దేరారు. దారిలో స్టీరింగు ముందు ఎర్రటి బొమ్మ ఒకటి వెలిగింది. నూనె బుడ్డి ఆకారంలో ఉంటుందే, అది. 'ఇంకో నాలుగు కిలోమీటర్లేగా, దర్శనం చేసుకుని చూద్దాం' అనుకున్నారు నాన్న. గుడి దగ్గరకు వెళ్లేసరికి ఇంజిన్లోంచి టకటకమని శబ్దం. అక్కడి నుంచి కారు తాడు కట్టించుకునే ఇంటికొచ్చింది.

మెకానిక్కు ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగాడు. కొసన కూడా తడి లేదు. ఆయిల్ మూత విప్పితే లోపల కాటుకలాంటి చిక్కటి నల్లటి ముద్ద. "పెద్దాయనా, ఆయిల్ ఎప్పుడు మార్పించినారు?" అనడిగాడు.

నాన్న లెక్కేసుకున్నారు. నాలుగేళ్లయింది! ఆయన తప్పు కూడా కాదు. అప్పుడు ఆయిల్ పోసినతను "సింథటిక్ పోసినాం సార్, 15 వేల దాకా ఇంగ చూసే పనే ల్యా" అన్నాడట. నాన్న మాట మీద నిలబడే మనిషి. మీటరు చూస్తే ఇంకా 12 వేలు కూడా కాలేదు. మూడు వేలు మిగిలే ఉన్నాయి కదా అనే ఉన్నారు. ఆ మిగిలిన మూడు వేల కిలోమీటర్లకు మేం కట్టిన బిల్లు 48 వేల రూపాయలు.

బావది దీనికి పూర్తిగా తిరుగు. ఎవరో చెప్పారని కచ్చితంగా 5 వేలకోసారి మార్పిస్తాడు. అంటే ఏడాదికి దాదాపు అయిదుసార్లు. ఆయిలు, ఫిల్టరు, కూలీ కలిపి సారికి 3 వేలు. మొత్తం 15 వేలు. "ఇంజిను కంటే ఎక్కువా బావా?" అంటాడు. ఎక్కువ కాదు. కానీ అందులో సగం డబ్బు వృథాగా పోతోందని ఆయనకూ తెలియదు.

ఒకే ఆయిలు. ఒకరు మరీ ఆలస్యం, ఇంకొకరు మరీ తొందర. మరి ఎప్పుడు మార్చాలి?

ఆముదం నుంచి సింథటిక్ దాకా

తాతల కాలంలో ఎద్దులబండి ఇరుసుకు కందెన పెట్టేవారు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి, గొట్టంలో పోసి బండికి వేలాడదీసుకునేవారు. ఇరుసు కీచుమంటే కందెన తగ్గిందని పసిపిల్లలకు కూడా తెలిసేది. కారు ఇంజిన్లకూ మొదట్లో ఆముదం అక్కరకొచ్చింది. ఇంగ్లండుకు చెందిన వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో ఆముదం కలిపిన ఇంజిన్ ఆయిల్ తెచ్చి, ఆముదానికి ఇంగ్లిషు పేరైన 'కాస్టర్' మీదుగానే దానికి 'కాస్ట్రాల్' అని పేరు పెట్టింది.

తర్వాత ముడిచమురును శుద్ధిచేసి తీసే మినరల్ ఆయిళ్లు నిలదొక్కుకున్నాయి. వీటిలో అణువులు చిన్నవీ పెద్దవీ కలగలిసి ఉంటాయి. వేడికి కొన్ని ఆవిరైపోతాయి, కొన్ని చిక్కబడతాయి. సింథటిక్ ఆయిల్లో అణువుల్ని రసాయనికంగా తయారుచేస్తారు, లేదా బాగా మార్చి ఇంచుమించు ఒకే తీరుగా చేస్తారు. అందుకే వేడిని ఎక్కువ తట్టుకుంటుంది. 1974లో మొబిల్ 1 అమెరికా మార్కెట్లోకి వచ్చాక మామూలు కార్ల వాళ్లకూ ఇది పరిచయమైంది.

5 వేల లెక్క పాత మినరల్ ఆయిళ్ల నాటిది. అమెరికాలోనూ ఇలాంటిదే '3 వేల మైళ్ల' అలవాటు ఉండేది. కాలిఫోర్నియా ప్రభుత్వమే పనిగట్టుకుని 'ఆ లెక్క మరిచిపోండి, మీ కారు పుస్తకంలో ఏముందో చూడండి' అని ప్రచారం చేసింది. ఇప్పుడు మన దగ్గర చాలా పెట్రోలు కార్ల పుస్తకాల్లో ఉండేది 10 వేల కిలోమీటర్లు లేదా ఏడాది. కొన్నింట్లో 15 వేలు లేదా ఏడాది. 'ఏది ముందొస్తే అది' అని పక్కనే రాసి ఉంటుంది. నాన్నకు ఎవరూ చెప్పనిది ఆ చివరి మాటే.

రెండు కిలోమీటర్ల ప్రయాణమే గండం

తక్కువ తిరిగే కారులో ఆయిల్ ఎందుకు పాడవుతుంది? ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు తయారవుతాయంటే నమ్ముతారా? నిజమే. అందులో చాలామటుకు ఆవిరిగా పొగగొట్టంలోంచి పోతుంది. కొంత మాత్రం పిస్టన్ల పక్కనుంచి కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. దాంతోపాటు మండని పెట్రోలూ కాస్త చేరుతుంది.

కారు అరగంట ఆగకుండా నడిస్తే ఆయిల్ బాగా వేడెక్కి ఆ తేమ, పెట్రోలు ఆవిరైపోతాయి. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల వచ్చే బావ కారులో రోజుకు రెండుసార్లు జరిగేది ఇదే. శిల్పాల అంగళ్లు దాటి హైవే ఎక్కితే ఇంజిను ఒకే తీరుగా నడుస్తుంది. దానికి అంతకంటే సుఖమైన బతుకు లేదు.

నాన్న కారు సంగతి వేరు. రైతుబజారుకు రెండు కిలోమీటర్లు. ఆయిల్ వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది. తేమ లోపలే ఉండిపోతుంది. మళ్లీ స్టార్టు చేస్తే ఇంకాస్త. శ్రీనివాస సెంటర్లో ట్రాఫిక్ ఆగితే మీటరు తిరగదు గానీ ఇంజిను తిరుగుతూనే ఉంటుంది. ఆయిల్లో కలిపే మందులు తుప్పును, ఆమ్లాన్ని కొంతకాలమే అడ్డుకుంటాయి. ఆ మందులు అయిపోయాక మిగిలేది మూత కింద కనిపించిన నల్ల ముద్దే. అది ఆయిల్ పీల్చే జల్లెడకు అడ్డుపడితే, ఉన్న ఆ కాస్త ఆయిలూ పైకి చేరదు.

మెకానిక్కు ఒక్క మాటలో చెప్పాడు. "మీ బండి తిరగల్యా సార్, ముసలిదైంది."

మరి మనం ఏం చేయాలి?

ముందు కారుతో ఇచ్చిన పుస్తకం తీయండి. సర్వీసు పట్టికలో మామూలు వాడకానికి ఒక లెక్క, కఠినమైన వాడకానికి ఇంకో లెక్క ఉంటాయి. కఠినమైన వాడకమంటే ఎక్కడో కొండల్లో నడపడమొక్కటే అనుకోవద్దు. దగ్గర ప్రయాణాలు, దుమ్ము రోడ్లు, ట్రాఫిక్‌లో గంటలకొద్దీ ఆన్‌లో ఉంచడం కూడా అదే.

తర్వాత మీ చివరి పది ప్రయాణాలు గుర్తుచేసుకోండి. అందులో ఏడెనిమిది పది నిమిషాల్లోపు అయిపోయేవైతే, మీది నాన్న కారు జాతి. కిలోమీటర్లు మరిచిపోయి, ఆర్నెల్లకో, ఎంత ఆలస్యమైనా ఏడాదికో మార్పించండి. చాలావరకు హైవే ప్రయాణాలైతే మీది బావ కారు జాతి. పుస్తకంలోని పూర్తి లెక్క నమ్మొచ్చు. నల్లరేగడి పొలాల దారుల్లో, నాపరాళ్ల లారీల వెనక తిరిగేవాళ్లు మాత్రం ఎయిర్ ఫిల్టరు తరచూ చూపించుకోవాలి, ఆయిలూ కాస్త ముందే మార్చాలి. టర్బో ఇంజిన్లు, బీఎస్-6 డీజిల్ కార్ల వాళ్లు పుస్తకంలో చెప్పిన గ్రేడు తప్ప వేరేది పోయించొద్దు.

నెలకోసారి పుల్ల చూడండి. సమతలంగా ఉన్నచోట కారు ఆపి, పది నిమిషాలాగి, పుల్ల లాగి తుడిచి, మళ్లీ పెట్టి తీయాలి. తడి రెండు గీతల మధ్య ఉండాలి. తగ్గితే అదే గ్రేడు ఆయిల్ కొంచెం కలపండి. పోయకుండానే పెరిగిందంటే పెట్రోలో డీజిలో కలుస్తోందని అనుమానించాలి. మా నాన్న ఈ పని ఒక్కసారి చేసి ఉంటే 48 వేలు మిగిలేవి. ఇక ఎర్ర దీపం వెలిగితే గుడి ఎదురుగా కనిపిస్తున్నా సరే, ఇంజిను అక్కడికక్కడే ఆపేయండి.

నల్లబడితే పాడైనట్టేనా?

చాలామంది వేలికి రాసుకుని చూసి 'అబ్బో, నల్లబడింది, మార్చాల్సిందే' అంటారు. ఆయిల్ నల్లబడటం అంటే ఇంజిన్లోని మసిని తనలో పట్టుకుని తిరుగుతోందన్నమాట. డీజిల్ కారులోనైతే మార్చిన కొద్దిరోజులకే నల్లబడుతుంది. రంగు చూసి తీర్పు చెప్పలేం. రైల్వే డీజిల్ షెడ్లలో ఆయిల్ నమూనాను ల్యాబులో పరీక్షించి, అందులో ఏ లోహం ఎంత అరిగి కలిసిందో చూస్తారు. మనకు అంత హంగు లేదు కాబట్టే తేదీ, కిలోమీటర్లు.

ఇంకొందరు 'మన నంద్యాల ఎండలకు చిక్కటి ఆయిలే మంచిది' అంటారు. బయట 44 డిగ్రీలున్నా 30 డిగ్రీలున్నా, ఇంజిను వేడెక్కాక లోపలి ఆయిల్ తిరిగేది వంద డిగ్రీల చుట్టుపక్కలే. 5డబ్ల్యూ-30 అని డబ్బా మీద ఉంటే, ముందున్న అంకె చలిలో ఎలా పారుతుందో చెబుతుంది, వెనకున్నది వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ఆ లెక్కలన్నీ చూసే కంపెనీ గ్రేడు నిర్ణయిస్తుంది.

సీలున్న డబ్బా మీ ఎదురుగానే తెరిపించండి. ఖాళీ డబ్బాకు చిల్లు పొడిపించి రండి. లేకపోతే అందులో నకిలీ ఆయిల్ నింపి మళ్లీ అమ్మేవాళ్లున్నారు. తీసేసిన పాత ఆయిల్ కాల్వలో పోయనివ్వొద్దు. మన ఊరి కాల్వలు చివరికి చేరేది కుందూనే. 2024 ఏప్రిల్ నుంచి వాడేసిన ఆయిల్‌ను సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను కేంద్ర ప్రభుత్వం తయారీదారుల మీదే పెట్టింది. అది వాళ్లకు చేరాలంటే ముందు డ్రమ్ములోకి వెళ్లాలి కదా!

బావ ఇప్పుడు 10 వేలకోసారి మార్పిస్తున్నాడు. ఏడాదికి ఏడెనిమిది వేలు మిగులుతున్నాయి. ఆ డబ్బుతో చెల్లెలికి ఏం కొన్నాడో మాత్రం చెప్పట్లేదు.

నాన్న పద్ధతే నాకు నచ్చింది. నెలలు, కిలోమీటర్లు గుర్తుండవని ఆయన ఒక రోజు పెట్టుకున్నారు. దసరా! ఎటూ ఆ రోజు కారు కడిగి, బొట్టు పెట్టి, దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. ఇకమీదట దానికి ముందురోజు ఆయిల్ మార్పించాలని, ఉగాదికి మరోసారి అని గోడ మీద క్యాలెండర్లో రాసుకున్నారు.

"ఇన్నేళ్లూ దానికి దండ వేశాంగానీ, ఆకలేస్తోందా అని అడగలేదురా" అన్నారు మొన్న ఫోన్లో.

మీ కారును అడిగి ఎన్నాళ్లయింది?