మార్జాలము – మూత్రకృచ్ఛ్రము – ఒక అపవాదు

మార్జాలమనే మాట ‘మృజ్’ ధాతువు నుండి పుట్టినదని మా గురువుగారు చెప్పేవారు. తుడుచుకొనుట, శుభ్రపరచుకొనుట అని ఆ ధాతువుకు అర్థం. నిత్యం తన ఒంటిని తానే నాకి శుభ్రం చేసుకుంటుంది కనుక ఆ జంతువు మార్జాలమైనది. మలమూత్రాలు విడిచి, వాటి మీద మన్ను కప్పి, సరిగా కప్పినదో లేదో వాసన చూసి మరీ అక్కడినుండి కదులుతుంది. అటువంటి ప్రాణి ఒకనాడు యజమాని పక్క మీద మూత్రం పోసిందంటే ఆలోచన ఉన్నవాడికి తోచవలసినది ఏమిటి? దానికేదో కష్టం వచ్చిందని. ముప్పైనాలుగేళ్ళు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పిన నాకు మాత్రం దానికి పొగరెక్కిందని తోచింది.

నా ఒక్కడి పొరపాటే అయితే ఇంత వ్రాయనవసరం లేదు. పిల్లులను ప్రేమగా పెంచేవారు కూడా “కావాలనే చేస్తోందండీ” అనడం ఎన్నోసార్లు విన్నాను. ఆ మాట మీదనే నా అభ్యంతరం.

మా పిల్లి పేరు చిన్నయ. పిల్లగా ఉన్నప్పుడు బాలవ్యాకరణం ప్రతి మీద తప్ప మరొకచోట నిద్రపోయేవాడు కాదు. సూరిగారి పేరు పిల్లికి పెట్టడం అపచారమని ఒక మిత్రుడు కోప్పడ్డాడు గాని, సూత్రాల మీద అంత నిశ్చింతగా నిద్రించిన విద్యార్థి నా సర్వీసులో మరొకడు లేడు. శస్త్రచికిత్స చేయించిన మగపిల్లి. పెంకుటిల్లు, పెరడు, నూతి పళ్ళెం, జామచెట్టు, ప్రహరీ గోడ, ఇదీ వాడి రాజ్యం. 2022 వేసవిలో ఆ ఇల్లు అమ్మి, విజయవాడలో మా అబ్బాయి ఉంటున్న అపార్టుమెంటుకు చేరాము. మూడవ అంతస్తు. అప్పటికి చిన్నయకు నాలుగేళ్ళు.

మొదటి వారంలోనే మా ఇల్లాలు అన్నది, “వాడు బెంగ పెట్టుకున్నాడండీ, మంచం కింద నుంచి రావడం లేదు” అని. పిల్లికి బెంగేమిటని నవ్వాను. మూడవ వారంలో వాడు నా సన్మాన శాలువా మీద మూత్రం పోశాడు. జీవితంలో నాకు దక్కిన ఒకే ఒక శాలువా అది. మర్నాడు మనవడి పక్క మీద. ఆ తరువాత స్నానాలగదిలో తెల్లటి గచ్చు మీద చుక్కలు చుక్కలుగా. ఆ చుక్కల్లో ఎర్రని జీర. ఎరుపు చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. వార్తాపత్రిక చుట్టగా చుట్టి వాణ్ణి కొట్టాను. “మామయ్యగారూ, పిల్లవాడు పడుకునే చోటండీ” అని కోడలు నొచ్చుకుంటే ఆమె తప్పనలేను. కింద కాపలా ఉండే అతను, “మేష్టారూ, గోనెసంచిలో వేసి కాలవ అవతల వదిలేసి వస్తాను, మళ్ళీ దారి తెలియదు దానికి” అన్నాడు. నేను వద్దనలేదు. “చూద్దాంలే” అన్నాను. ఆ రెండు మాటలూ ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంటాయి.

పిల్లికి దురుద్దేశం అంటగట్టడం మనకు నిన్న మొన్నటి అలవాటు కాదు. హితోపదేశంలో దీర్ఘకర్ణుడనే మార్జాలం గుడ్డిగ్రద్దను నమ్మించి చెట్టు మీది పక్షిపిల్లలను తింటుంది. కపటవ్రతానికి బిడాలవ్రతమని స్మృతికారులే పేరు పెట్టారు. మహాబలిపురంలోని ఆ పెద్ద రాతిఫలకం మీద, ఎలుకల నడుమ చేతులెత్తి తపస్సు చేస్తున్న పిల్లిని శిల్పి చెక్కి పదమూడు శతాబ్దాలు దాటింది. సామెతల సంగతి చెప్పనే అక్కరలేదు. దీనికి ఎదురుగా నిలిచేది, నాకు తెలిసినంతలో, వైష్ణవుల మార్జాలకిశోర న్యాయం ఒక్కటే. తల్లిపిల్లి తన కూనను నోట కరచుకొని తీసుకుపోయినట్లు భగవంతుడు జీవుణ్ణి తానే మోస్తాడట. అక్కడ కూడా కీర్తి దక్కినది తల్లికే. ఆ కూన మనస్సులో ఏమున్నదో ఎవరూ అడగలేదు.

ఇటువంటి చదువు చదివినవాణ్ణి కనుకనే తడిసిన పక్కలో నాకు రోగం కనబడలేదు, గుణం కనబడింది. బడిలోనూ అంతే చేశాను. ఆరవ తరగతిలో ఒక పిల్లవాడు గంటకు రెండుసార్లు వేలు చూపేవాడు. పాఠం ఎగ్గొట్టే ఎత్తుగడ అనుకొని కూర్చోబెట్టాను. బల్ల తడిసింది. తరగతి నవ్వింది. వాళ్ళ నాన్న ఇల్లు విడిచి వెళ్ళి అప్పటికి పది రోజులని తరువాత తెలిసింది. ఆ పిల్లవాడు ఆ తరువాత నా పాఠంలో ఎన్నడూ వేలు చూపలేదు.

ఇక రోగం మాట. మన వైద్యగ్రంథాలు మనుషుల విషయంలో రెండు వ్యాధులను విడదీసి చెప్పాయి. మూత్రం బాధతో, కష్టంతో వెలువడడం మూత్రకృచ్ఛ్రం. అసలు వెలువడకుండా అడ్డుపడడం ప్రధానమైతే మూత్రాఘాతం. పిల్లిని పెంచే ప్రతివారూ ఈ రెండు మాటలనూ వేరుగా గుర్తుంచుకోవాలని నా మనవి. మొదటిదానిలో పిల్లి మాటిమాటికీ ఇసుకతొట్టిలోకి వెళుతుంది, ముక్కుతుంది, అరుస్తుంది, నాలుగు చుక్కలు పోస్తుంది, ఆ చోటును అదేపనిగా నాకుతుంది. తొట్టిలో నొప్పి పుట్టింది కనుక తొట్టే నొప్పికి కారణమనుకొని మెత్తని చోటు, చల్లని చోటు వెదుక్కుంటుంది. పక్కబట్టలూ స్నానాలగది గచ్చూ అందుకే. రెండవదానిలో ఆ నాలుగు చుక్కలు కూడా రావు. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం. స్ఫటికాలూ జిగురూ చేరి అది పూడిపోతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగుతుంది. ఒకటి రెండు రోజులలోనే ప్రాణం పోవచ్చు. మగపిల్లి ముక్కుతూ చుక్క కూడా రాల్చకపోతే తెల్లవారనిద్దామనుకోకూడదు.

చిన్నయకు మొదట జరిగిన వైద్యం గురించి కొంత చెప్పాలి. ఎరుపు కనిపించిన నాలుగవ రోజున దగ్గరలోని ఒక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాము. మూత్రం పరీక్షించకుండానే ఇన్ఫెక్షన్ అన్నారు. యాంటీబయాటిక్ సూది వేశారు. మూడు రోజులలో తగ్గింది. నెల దాటాక మళ్ళీ వచ్చింది, మళ్ళీ సూది, మళ్ళీ తగ్గింది. మూడవసారీ అదే వరుస. సూది దివ్యౌషధమని నేను పదిమందికి చెప్పాను కూడా. తర్కశాస్త్రంలో కాకతాళీయ న్యాయమని ఒకటున్నది. కాకి వాలిన క్షణానికే తాటిపండు రాలితే కాకి వల్ల రాలిందనుకోవడం. ఈ జబ్బు చాలా పిల్లులలో మందు వేసినా వేయకపోయినా వారం రోజులలో తనంతట తానే సద్దుమణుగుతుంది. పండు రాలే వేళకు మా కాకి వాలిందంతే. పదేళ్ళ లోపు పిల్లులలో సూక్ష్మజీవుల వల్ల మూత్రాశయం వాచడం చాలా అరుదు. ఈ వయస్సు పిల్లుల మూత్రబాధలలో సగానికి పైగా, ఎంత వెదికినా రాయి గాని క్రిమి గాని కనబడని రకమే. దీనికి పెట్టిన ఆంగ్లనామానికి అర్థం ‘కారణం తెలియని మూత్రాశయ శోథ’ అని. తక్కినవన్నీ కాదని తేల్చుకున్నాకే, పారిశేష్యం చేత, ఈ పేరు పెట్టాలి. మూత్ర పరీక్ష, స్కానింగు చేయించకుండా ‘ఒత్తిడిలే’ అనేయడం కూడా ‘ఇన్ఫెక్షనే’ అనేయడమంత తొందరపాటే. ముసలిపిల్లులలో మూత్రపిండాలూ మధుమేహమూ చూడాలి.

2022 అక్టోబరు 24, దీపావళి. మా వీథిలో అర్ధరాత్రి దాకా బాంబులు పేలాయి. చిన్నయ బట్టల బీరువా వెనుక దూరాడు. మర్నాడు ఉదయం నుండి తొట్టిలో కూర్చుని ముక్కుతున్నాడు. మలబద్ధకమనుకున్నాను. సాయంత్రానికి వాంతి చేసుకున్నాడు. పొట్ట ముట్టుకుంటే మునుపెన్నడూ లేనట్టు కేక పెట్టాడు. తొట్టిలో ఇసుక పొడిగా ఉన్నదని చూసినది మా కోడలే. ఆమే కారు తీసింది. నొప్పికి పారాసిటమాల్ ముక్క వేయమని పక్క ఫ్లాటువారు సలహా ఇచ్చారు. సమయం లేక వేయలేదు గాని, వేసి ఉంటే నా చేతులతో నేనే చంపుకొనేవాణ్ణి. పిల్లి కాలేయానికి ఆ మందును విరిచే శక్తి లేదు. ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. ఆ రాత్రి మత్తు ఇచ్చి, గొట్టం వేసి మూత్రం తీశారు. మూడు రోజులు సెలైను మీద ఉన్నాడు.

అక్కడి డాక్టరమ్మ నన్ను అడిగిన మొదటి ప్రశ్న మందుల గురించి కాదు. “ఈ మధ్య ఇంట్లో ఏం మారింది మాష్టారూ?” అన్నది. నేను చెబుతూ పోయాను. ఇల్లు, ఊరు, మనుషులు, తలుపులు, నేల. ఆమె చేతిలోని కలం వ్రాయడం ఆపలేదు.

ఆమె చెప్పిన పేర్లు పట్టుకొని తరువాత కొంత చదివాను. అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో బఫింగ్టన్ అనే పశువైద్యాచార్యుడు ఈ జబ్బు మీదనే దశాబ్దాలు పనిచేశాడు. రోగం మూత్రాశయంలో కనిపించినా దాని మూలం అక్కడే లేదని, బెదురుకు అతిగా స్పందించే నాడీవ్యవస్థలో ఉన్నదని ఆయన వాదం. బెదురు ఎక్కువైనప్పుడు మూత్రాశయపు లోపలిగోడను కాపాడే పలుచని పొర దెబ్బతిని, మూత్రం గోడకు తగిలి మండుతుంది. 2006లో ఆయన బృందం ఇల్లు దాటని 46 పిల్లుల యజమానులచేత ఇంటి పరిస్థితులు మార్పించి పది నెలలు గమనిస్తే, బాధలు గణనీయంగా తగ్గాయి. 2011లో వెలువడిన మరొక అధ్యయనం నన్ను ఎక్కువగా కదిలించింది. ఈ జబ్బున్న 20 పిల్లులనూ, ఆరోగ్యంగా ఉన్న 12 పిల్లులనూ 77 వారాలు చూశారు. మేత వేళ తప్పడం, చూసుకునే మనిషి మారడం వంటివి జరిగిన వారాలలో జబ్బు పిల్లులే కాదు, ఆరోగ్యమైనవి కూడా వాంతులు చేసుకున్నాయి, తిండి మానాయి, తొట్టి బయట మూత్రం పోశాయి.

స్ట్రెస్ అనే మాటకు మన పత్రికలవారు ఒత్తిడి అని వ్రాస్తున్నారు. తప్పు కాదు. కాని మా ఇల్లాలు మొదటి వారంలోనే అన్న మాట దీనికి ఎక్కువ దగ్గర. బెంగ. హాస్టలులో చేర్చిన పిల్లవాడికి బెంగతో జ్వరం వచ్చిందంటే తెలుగువాడెవడూ నవ్వడు. బెంగ ఒంట్లోకి దిగి రోగమవుతుందని మన భాషకు ఏనాడో తెలుసు. పిల్లి దగ్గరకు వచ్చేసరికే ఆ మాట దాచేసి ‘కక్ష’ అనే మాట బయటికి తీస్తున్నాము.

ఏం చేశామంటే, పెద్ద ఖర్చు లేదు. వాడి తొట్టి అంతకుముందు బట్టలుతికే యంత్రం పక్కన ఉండేది. వాడు కూర్చున్న వేళకే ఆ యంత్రం గిర్రున తిరిగేది. తొట్టిని అక్కడినుండి తీసి నిశ్శబ్దంగా ఉండే మూలకు మార్చాము. ఒక పిల్లికి రెండు తొట్లు, అవీ వేరు వేరు చోట్ల. పిల్లుల సంఖ్య కన్న ఒకటి ఎక్కువ ఉండాలని లెక్క. వాసన వేసిన ఇసుక మాని, వాసన లేని సన్నఇసుక. రోజుకు రెండుసార్లు ఎత్తడం నా పని. ఉద్యోగ విరమణ తరువాత నాకు దొరికిన ఏకైక నియామకం. బాల్కనీ కింద గోడ మీద ఒక ఊరగండు వచ్చి కూర్చునేది. వాణ్ణి చూసి చిన్నయ తోక కుచ్చులా ఉబ్బేది. ఆ కటకటాలకు అడుగున అట్ట కట్టి, పైన మరొక కిటికీ దగ్గర ఎత్తుగా బల్ల వేశాము. జామచెట్టు పోయింది కనుక ఎత్తు కావాలి. మనవడితో ఒప్పందం ఒకటి: చిన్నయ తనంతట వస్తేనే ముట్టుకోవాలి, మంచం కిందనుండి లాగకూడదు. “మరి వాడు రాకపోతే తాతయ్యా?” అన్నాడు. రాకపోతే ఆ రోజుకు లేదు అన్నాను. పెద్దవాళ్ళకన్న నిష్ఠగా పాటించాడు.

నీళ్ళ విషయమే కష్టమైనది. మూత్రం పలుచబడితే మంట తగ్గుతుంది. పిల్లి మాత్రం సహజంగా తక్కువ తాగే జంతువు. అన్నం గిన్నె పక్కనే ఉన్న నీళ్ళు మానేసి, వేరే గదులలో వెడల్పాటి గిన్నెలు పెట్టాము. ఎండుగుళికలు తగ్గించి తడి ఆహారం ఎక్కువ చేశాము. మా వంటింట్లో చేపలు వండరు. పొట్లాలు విప్పేటప్పుడు మా ఇల్లాలు ముక్కు మూసుకుంటుంది గాని, మానదు. చేపల పులుసు పోయవచ్చునా అని ఒకరు అడిగారు. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం, ఉప్పూకారాలు సరేసరి. పాలు కూడా పెద్దపిల్లులకు చాలావాటికి అరగవు.

జబ్బు పూర్తిగా పోయిందని చెప్పను. ఆ దీపావళి తరువాత రెండుసార్లు తిరగబెట్టింది, ఒకసారి ఇంటికి చుట్టాలు వచ్చి పది రోజులున్నప్పుడు, ఒకసారి నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు. రెండుసార్లూ వైద్యులు నొప్పికి పిల్లులకు తగిన మందిచ్చారు, నాళం మూసుకోలేదు. నేను ఇంటికి వచ్చిన రెండవ రోజుకు తగ్గింది. ఇది కూడా కాకతాళీయమే కావచ్చునని నా తర్కం అంటున్నది. మా ఇల్లాలు ఒప్పుకోదు.

మనుషుల బెంగలే తీరని లోకంలో పిల్లి బెంగకు ఇంత రాద్ధాంతమా అని ఒక పాత సహోద్యోగి ఫోనులో అన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. కాని ఆ తొట్టి మార్చడానికి నాకు పట్టిన కాలం పది నిమిషాలు; కొట్టడానికి పట్టినది అంతకన్న ఎక్కువ. పది నిమిషాలు పిల్లికి ఇచ్చినందువల్ల ఏ మనిషికీ లోటు జరిగిందని నేను అనుకోను.

వచ్చే సోమవారం నుండి పై ఫ్లాటులో గచ్చు పగులగొట్టి పలకలు వేస్తారట. పదిహేను రోజుల పని అని నోటీసు అంటించారు. వెనుకగది ఖాళీ చేస్తున్నాము. ఒక తొట్టి, రెండు నీళ్ళగిన్నెలు అక్కడికి చేరాయి. బాలవ్యాకరణం కూడా అక్కడే పెట్టమని మనవడు పట్టుబడితే పెట్టాను. శాలువా ఉతికించి దాని కింద పరిచాము.