పుట్టింటి జబ్బు మనకూ వస్తుందా?

“మా అమ్మ కడుపు క్యాన్సర్‌తో పోయింది. నాకూ వస్తుందేమో!” పైకి అనకపోయినా, కడుపులో కాస్త మంట పుడితే చాలు, ఇలా లోలోపలే బెంగపడే ఆడవాళ్లు ఎందరో. అసలు సంగతేమిటో చూద్దాం.

తల్లిదండ్రుల జన్యువుల ద్వారా వచ్చే కడుపు క్యాన్సర్ ఉన్నమాట నిజమే. న్యూజీలాండ్‌లో ఒక మావోరీ కుటుంబంలో చిన్న వయసువాళ్లే వరుసగా ఈ జబ్బుతో పోతుంటే శాస్త్రవేత్తలు పరీక్షించి, 1998లో సీడీహెచ్1 అనే జన్యువులో లోపం ఉందని కనిపెట్టారు. కణాలను ఒకదానితో ఒకటి అతికి ఉంచే పదార్థం ఆ జన్యువు వల్లే తయారవుతుంది. అయితే ఇలా వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి రెండు మూడుకు మించవు.

మరి ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఎందుకొస్తుంది? ఒకే ఇంటి క్రిమి! దాని పేరు హెలికోబాక్టర్ పైలోరి. కడుపులో పుండ్లకు కారం, దిగులు కారణమని అనుకునే రోజుల్లో, 1982లో ఆస్ట్రేలియా డాక్టర్లు వారెన్, మార్షల్ దీన్ని బయటపెట్టారు. 2005లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఇది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే తేల్చింది.

ఇది ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచి అంటుకుంటుంది. హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ శాస్త్రవేత్తలు మన దేశపు క్రిముల జన్యువులను పరిశీలించి, వాటికి యూరప్ క్రిములతో చుట్టరికం ఉందని 2007లో ప్రకటించారు. అంటే వేల ఏళ్లుగా వలసపోయిన మనుషుల వెంటే ఇదీ నడిచొచ్చిందన్నమాట!

భయపడకండి. ఈ క్రిమి ఉన్నవాళ్లలో క్యాన్సర్ వచ్చేది చాలా కొద్దిమందికే. అదీ ఒక్కరోజులో రాదు. ముందు కడుపు లోపలి పొర వాస్తుంది, తర్వాత పలచబడుతుంది, ఆపైన కణాల తీరు మారుతుంది. ఇదంతా జరగడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. జపానులో ఈ జబ్బు మనకంటే చాలా ఎక్కువ. 2023లో అక్కడ తేలిందేమిటంటే, కొన్ని జన్యులోపాలతోపాటు క్రిమి కూడా ఉంటే 85 ఏళ్లలోపు ముప్పు నూటికి 45. లోపం లేకుండా క్రిమి మాత్రమే ఉంటే 14. జన్యువును మార్చలేం గానీ, క్రిమిని మందులతో పోగొట్టవచ్చు.

అందుకని అమ్మకో, నాన్నకో, తోబుట్టువులకో ఈ జబ్బు వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుతో చెప్పి, క్రిమి పరీక్ష అడగండి. మలం పరీక్షతోనో, ఊపిరి పరీక్షతోనో తెలిసిపోతుంది. మందులు రాసిస్తే మంట తగ్గిందని మధ్యలో మానకండి.

మన అనంతపురం సీమలో బిందె నీళ్లకే కరువు. అయినా తాగేనీళ్లు కాచి, మూతపెట్టి, పొడుగు కాడ గరిటెతో తీసుకోండి. పసివాళ్లకు ముద్ద నమిలి పెట్టకండి. కూర అయిపోయిందని రోజూ ఊరగాయతో, ఊరమిరపకాయలతో సంగటి ముగించకండి. ఉప్పు మితిమీరడం కూడా ఈ జబ్బుకు దోవ తీస్తుంది.

నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుండడం, ఒళ్లు తగ్గిపోవడం, మింగడం కష్టమవడం, మాటిమాటికీ వాంతులు, నల్లటి విరేచనం కనిపిస్తే సోడాతో, గ్యాస్ మాత్రలతో నెట్టుకురాకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి. ఇంట్లో అందరూ తిన్నాక చివర్న పళ్లెం పెట్టుకుంటాం, సరే. ఒంటి సంగతి కూడా అలా చివరికి నెట్టకండి.