తల్లిని జూపని వర్తకము

2025వ సంవత్సరము ఆగష్టు మాసమున వీథికుక్కల ప్రశ్న దేశమునంతటిని గదలించినది. ఢిల్లీ నగరమునందును దాని పరిసరములందును గల వీథికుక్కలను బట్టి శాలలయందుంచవలయునని సుప్రీముకోర్టు ఆ మాసము 11వ తేదీన నాజ్ఞాపించెను. 22వ తేదీన మఱియొక ధర్మాసనము ఆ యాజ్ఞను సవరించి, సంతాననిరోధ శస్త్రచికిత్సయు టీకాయు జరిపిన పిమ్మట వానిని పట్టినచోటనే విడువవలయుననియు, వెఱ్ఱియెత్తిన వానిని, క్రూరస్వభావము గలవానిని మాత్రము విడువరాదనియు నిర్ణయించెను. అనుకూలురును బ్రతికూలురును తీవ్రముగ వాదించుకొనిరి. ఇంత వాదములోను ఒక ప్రశ్నకు దగినంత చోటు దొరకలేదు. వీథిలో దానంతట బుట్టిన కుక్కను గూర్చి యింతగ విచారించు మనము, ధనార్జనకై పుట్టింపబడు కుక్కను గూర్చి యేల విచారింపము?

ఇది ఢిల్లీవారి గొడవ, పల్నాటి కేమి పని యని కొందఱు తలంపవచ్చును. అది పొరపాటు. 2022 ఏప్రిల్ 4వ తేదీన పల్నాడు ప్రత్యేక జిల్లాయై, నరసరావుపేట దానికి ముఖ్యపట్టణమైనది. పట్టణములు పెరిగినకొలది కొత్త మేడలు లేచును. మేడతోపాటు ద్వారమున జాతికుక్క యుండవలెనను కోరికయు బుట్టును. మాచెర్లలోనైనను, గురజాలలోనైనను, మిరపకల్లమునకు గాపు గావలసిన భూస్వామికి నదే కోరిక. ఈ కోరికలో దోషము లేదు. కాని యది తీరు మార్గమేది? గుంటూరు, విజయవాడ, హైదరాబాదులలోని దుకాణము. లేదా చేతిలోని ఫోనులో గనబడు చిత్రము, దాని వెనుకనుండు దళారి. అద్దాలపెట్టెలో నాడుకొను పిల్లను జూచుటయు, ముచ్చటపడుటయు, వెల చెల్లించుటయు గడియలో ముగియును.

ఇదే రైతు యెద్దును గొనునప్పటి వివేకమును జూడుడు. సంతలో బేరమాడుటకు ముందు పండ్లు పట్టి చూచును, సుడులు పరికించును, గిట్టలు తడవును, నాలుగడుగులు నడిపించి నడక గనిపెట్టును. కోడెదూడయైనచో, తల్లి యెవరి యింటి యావు, ఎన్నవ యీత, పాలెట్టివి యని యడుగక రూపాయి బయటికి దీయడు. ఒంగోలు జాతి నేటికిని నిలిచియున్నదన్న నది యీ ప్రశ్నల ఫలమే. గుంటూరు చెంతనున్న లాం పశుపరిశోధన క్షేత్రమున నా జాతి వంశమును గాపాడుచున్నారు. మన మాచెర్ల గొఱ్ఱె జాతీయ పశుజాతుల పట్టికలో స్థానము సంపాదించినదన్న, తరతరములుగ పొట్టేలును మంద నెఱిగి యెంచుకొనిన కాపరుల చలవయే. విత్తొకటి నాటిన చెట్టొకటి మొలచునా యని మనవారు ఊరకే యనలేదు. మెఱయు సంచిని జూచి నకిలీ విత్తనమును గొని మోసపోయిన రైతునకు ఈ మాట విలువ యెవరును జెప్పనక్కఱలేదు. అట్టి రైతు కుమారుడు కుక్కపిల్ల దగ్గఱకు వచ్చునప్పటికి ఆ ప్రశ్న లన్నియు నేమైపోవుచున్నవి? తల్లి యెక్కడ అను నొక్క ప్రశ్నయైనను నేల వేయడు?

ఆ ప్రశ్న వేయకుండుటమీదనే యీ వర్తకము నిలిచియున్నది. కుక్క సుమారు రెండు నెలలు, అనగా 63 దినములు, పిల్లలను మోయును. సాధారణముగ సంవత్సరమునకు రెండుమారులు ఎదకు వచ్చును. లాభమొక్కటే కోరువాడు రెండెదలను విడువడు. ఒక యీత పాలు విడువకమున్నే మఱియొక చూలు. బోనే దాని యిల్లు. ఈనుటయే దాని పని. ఈన శక్తి యుడిగిననాడు అది తిండి దండుగ. ఇట్టి తల్లిని కొనువాని కెవడు జూపును? తల్లిని జూపలేనని యమ్మువా డన్నచో, సాధారణముగ కారణము రెండింట నొకటి: ఆమె యెక్కడనున్నదో వానికే తెలియదు, లేదా చూపదగిన స్థితిలో లేదు.

పాపము తల్లితో బోవదు. పిల్ల యెంత చిన్నదైన నంత ముద్దుగ గనబడును. ఎంత త్వరగ నమ్మిన నంత తిండి మిగులును. అందువలన నెల దాటిన పిల్లనే తల్లినుండి వేఱుచేయు దురాచారము పుట్టినది. మూడవ వారము మొదలు పండ్రెండు, పదునాలుగు వారములవఱకు గల కాలము కుక్కపిల్లకు బడికాలము. కఱచిన నొప్పి యగునని, కొంత యోర్చుకొనవలెనని అది తల్లివలనను తోడబుట్టినవానివలనను నేర్చుకొనును. ఆ చదువు లేని పిల్ల భీతితో బెరిగి, భీతితోనే కఱచును. ఇక వ్యాధి సంగతి. పార్వో యను నంటువ్యాధి సోకిన పిల్ల కొన్ని దినములవఱకు జక్కగనే యుండును. పిమ్మట వాంతులు, నెత్తుటి విరేచనములు. వివిధ స్థలముల పిల్లలను ఒక్కచో జేర్చిన దుకాణమున నది వ్యాపించుటకు అడ్డేమున్నది? ఆడుచు నింటికి వచ్చిన పిల్ల వారము తిరుగకమున్నే చచ్చుట, పిల్లవాండ్రు గుడ్లనీరు గ్రుక్కుకొనుట, అమ్మినవాడు నాకు దెలియదనుట, ఈ వర్తకమున వింతలు కావు.

మఱియు వేడుక యొక జాతిని పట్టుకొన్నదన్న దానికి శాపమే. 2003లో హచ్ టెలిఫోను కంపెనీ ప్రకటనలో బాలుని వెంట నడచిన పగ్ కుక్క దేశమంతట ముద్దుబిడ్డయైనది. కాని యా ముడుతల మొగము, చప్పిడి ముక్కు మనుష్యుడు వేడుకకై తయారుచేసినవి. వానివలన నా కుక్క కూపిరాడుట కష్టము, ఎండ కోర్చుట మఱింత కష్టము. మన రెంటచింతల యెండలకు బేరుపడిన యూరు. సైబీరియా మంచులో బండి లాగుటకై దట్టపు బొచ్చుతో బుట్టిన హస్కీని అట్టి యెండలోనికి దెచ్చి కట్టుట గౌరవమా, క్రౌర్యమా? యజమానునకు గౌరవము కావచ్చును. కుక్కకు మాత్రము కాదు.

చట్టము లేదా యందురేని, కలదు. రాజ్యసభలో శ్రీమతి రుక్మిణీదేవి అరండేలు చేసిన కృషి ఫలముగ 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. 1962లో నామె యధ్యక్షతన జంతుసంక్షేమ మండలి యేర్పడినది. 2017లో కుక్కల పెంపకమునకును విక్రయమునకును బ్రత్యేక నియమములు వెలువడినవి. వాని ప్రకారము పెంపకదారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలియందు నమోదు కావలయును. ఎనిమిది వారములు నిండని పిల్ల నమ్మరాదు. 18 మాసములు నిండని యాడుకుక్కను గాని, ఎనిమిదేండ్లు దాటినదానిని గాని ఈనింపరాదు. సంవత్సరమున కొక యీత, జన్మమున కైదీతలు మించరాదు. 2018లో దుకాణములకును నమోదు నియమము వచ్చినది. వ్రాత బాగుగనే యున్నది. కాని మూలచట్టమున క్రౌర్యమునకు మొదటి తప్పుగ విధించిన జరిమానా యెంత? పది రూపాయలకు దక్కువ గాక, ఏబది రూపాయలకు మించక. 1960లో ఏబది రూపాయలు సొమ్ము. నేడది మెడపట్టీ వెలకైన జాలదు. వేల రూపాయల లాభమునకు ఏబది రూపాయల భయ మెట్లు అడ్డుపడును?

ప్రభుత్వమువారి దృష్టియు గొన్నిసారులు దారితప్పుచున్నది. 2024 మార్చి 12వ తేదీన కేంద్రప్రభుత్వము రాట్‌వీలరు మొదలగు 23 జాతులు ప్రాణాపాయకరములని, వాని యమ్మకమును, పెంపకమును నిషేధింపవలయునని రాష్ట్రములకు వ్రాసినది. ఏప్రిల్ 10వ తేదీన కర్ణాటక హైకోర్టు ఆ యుత్తరువును గొట్టివేసినది. మనుష్యులను గఱచి చంపిన కుక్కలనుగూర్చి ప్రభుత్వము కలతపడుట న్యాయమే. కాని దోషమంతయు జాతిపేరులో నున్నదా? పుట్టించిన తీరులో, పెంచిన తీరులో లేదా? ఇరువదిమూడు పేరులు కొట్టివేసిన, ఇరువదినాలుగవ పేరుతో నదే బోను, అదే దళారి, అదే బేరము సాగును.

ఇతర దేశములవారు మూలమునే పట్టజూచిరి. పలుమారు లీనించుటచేత దేహము శిథిలమై 2013లో రక్షింపబడిన లూసీ యను నొక యాడుకుక్క పేర ఇంగ్లాండులో చట్టము వచ్చి, 2020 ఏప్రిల్ 6వ తేదీనుండి యమలులో నున్నది. ఆరు మాసములలోపు పిల్లను మధ్యవర్తి యమ్మరాదు. పెంపకదారే తన చోట, తల్లితోగూడ జూపి యమ్మవలయును. ఫ్రాన్సు దేశమున 2024 జనవరి మొదటి తేదీనుండి దుకాణములలో కుక్కల, పిల్లుల యమ్మకము నిలిచినది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము, 2019 నుండి ఆశ్రయశాలలనుండి వచ్చినవానిని దప్ప దుకాణములలో నమ్మరాదని శాసించగా, వర్తకులు కొందఱు నామమాత్రపు ఆశ్రయసంఘముల చాటున బాత బేరమే సాగించిరి. 2021 నుండి యా దారియు మూయవలసివచ్చినది. కాన చట్టమెంత గట్టిదైనను, కొనువాని కన్ను మూసియున్నంతవఱకు దొడ్డిదారి యుండనే యుండును.

కావున కొనువాడే మేలుకొనవలయును. మంచి పెంపకదారు నెఱుగుట యెట్లు? ఆయన తల్లిని జూపును. వీలైన తండ్రినిగూడ జూపును. పుట్టినచోటునకు రమ్మని పిలుచును గాని బస్సుస్టాండులో బుట్టను చేతికియ్యడు. నమోదుపత్రము, టీకా వేసిన తేదీలు, నులిపురుగుల మందు వివరములు, రసీదు అడుగకమున్నే చూపును. ఒకటి రెండు జాతులనే పెంచును. ఏ జాతి కావలెనన్నను నెల్లుండి తెచ్చెదననడు. పిల్లలు లేనినాడు లేవని చెప్పి వేచియుండుమనును. అన్నిటికంటె ముఖ్యముగ, ఆయనయే కొనువానిని బ్రశ్నించును: ఇంట నెవరున్నారు? ఎండకు నీడ కలదా? ఊరికి బోవునపుడు చూచువారెవరు? పెంచలేకపోయిన వీథిని విడువక తనకే తిరిగి యిమ్మనును. వెల మాత్రమే మాటాడువాడు వర్తకుడు. వీనినిగూడ మాటాడువాడు పెంపకదారు. కెన్నెల్ క్లబ్ వంశపత్రము వంశమును దెలుపును గాని, తల్లి పడిన పాట్లను దెలుపదు. కాగితము జూచినను కాలు కదిపి చోటును జూడవలసినదే.

స్వదేశి జాతిని గొన్నచో నీ చిక్కులుండవని కొందఱి భ్రమ. విజయనగర కాలమునుండి దక్షిణమునకు వలసపోయిన తెలుగు రాజులు నెలకొన్న రాజపాళెము, మదరాసు ప్రధానిగ నుండిన కుమారస్వామిరాజాగారి యూరు, తన పేరనే యొక శునకజాతిని లోకమున కిచ్చినది. 2005 జనవరి 9వ తేదీన తపాలాశాఖవారు ఆ కుక్క బొమ్మతో బిళ్ల వెలువరించిరి. 2020 ఆగష్టు 30వ తేదీన ప్రధానమంత్రి రేడియో ప్రసంగమున దేశీయ జాతులను బెంచుడని చెప్పుచు దానిని బేర్కొనిరి. ఇది సంతోషింపవలసినదే, మన గాలికి, మన యెండకు దగిన కుక్క మనదే. కాని తెల్లని మేను, గులాబివన్నె ముక్కు గల పిల్లలకే గిరాకి. ఆ వన్నెతోగూడ కొన్ని పిల్లలకు బుట్టుచెవుడు వచ్చుట యీ జాతియందు గల లోపము. వినికిడి పరీక్షింపక వన్నెకై యీనించువాడు స్వదేశియైనను దోషియే. కర్ణాటకమున ముధోలు చెంత తిమ్మాపురమున శునకపరిశోధన కేంద్రము ముధోలు జాతిని శాస్త్రీయముగ బెంచుచున్నది. స్వదేశి యన్న నట్టి శ్రద్ధ. పేరు మార్చిన బోను కాదు.

వెల యెక్కువైన పేదవాని గతి యేమందురేని, మనకు మార్గము గుమ్మము ముందే యున్నది. కల్లము గాచుటకు ఊరికుక్కను మించినది లేదు. వీథిలోని పిల్లనొకదానిని జేరదీసి, టీకా వేయించి, శస్త్రచికిత్స చేయించినవాడు ఒక ప్రాణిని గాపాడిన వాడగుటయే గాక, వీథి ప్రశ్నను గొంత తీర్చినవాడునగును.

జిల్లాకొక జంతుహింసా నివారణ సంఘముండవలయునని 2001 నాటి నియమములు చెప్పుచున్నవి. క్రొత్త జిల్లాయైన పల్నాటిలో నా సంఘము కాగితముమీదగాక కార్యమున నుండునట్లు చూచుట అధికారులకును బురప్రముఖులకును విధి. నమోదైన పెంపకదారుల, దుకాణముల పేరులను పశువైద్యశాలల గోడలపై వ్రాయించుట కేమంత ఖర్చు? పేరు లేనివాని యొద్ద గొనమని నలుగురు పెద్దమనుష్యులు కట్టడి చేసికొనిన, ఆ మాట సంతలో వ్యాపించుటకు నెల చాలును.

నన్నయభట్టారకుని యాదిపర్వమున సరమ కథ యెఱుగనివారు లేరు. జనమేజయుని తమ్ములు నిరపరాధియైన పిల్లను గొట్టగా, తల్లియైన సరమ రాజు నెదుటికి వచ్చి న్యాయమడిగినది. ఆ తల్లికి నోరుండెను. వినుటకు రాజసభ యుండెను. బోనులోని తల్లికి రెండును లేవు. ఆమె పక్షమున నడుగగలవాడు లోకమున నొక్కడే కలడు: డబ్బు చేతబట్టి నిలిచిన కొనుగోలుదారు. తల్లిని జూపుమని వాడడుగవలయును. చూపనినాడు ఉత్తచేతులతో దిరిగి రావలయును. అట్లు తిరిగివచ్చువారు పెరిగిన నాడు బోనులు వాటంతట నవియే ఖాళీయగును.