తిరిగొచ్చిన కోహో

అమెరికాలోని స్నేక్ నదిలో కోహో సాల్మన్ చేప ఇక లేదని 1986లో తేల్చేశారు. 2014 అక్టోబరులో ఐడహో రాష్ట్రం అదే కోహోను సరదాకి గాలం వేసి పట్టుకోవడానికి మొట్టమొదటిసారి అనుమతి ఇచ్చింది. ఆ ఏడాది స్నేక్ మీది లోయర్ గ్రానైట్ ఆనకట్ట దాటి సుమారు 18 వేల కోహోలు ఎగువకు వచ్చాయి. వాటిని రప్పించింది నెజ్ పెర్స్ ఆదివాసులు.

మన పులసలాగే సాల్మన్ కూడా గుడ్లు పెట్టడానికి సముద్రం విడిచి ఏటికి ఎదురీదుతుంది. కోహో మాత్రం ఒక్కసారి గుడ్లు పెట్టి చనిపోతుంది. వరసగా కొన్నేళ్లు రాక తప్పితే ఆ వాగులో దాని వంశమే ఉండదు. నెజ్ పెర్స్ వాళ్లు 1990ల మధ్యలో స్నేక్ వెళ్లి కలిసే కొలంబియా నది దిగువన, చేపపిల్లలను పుట్టించి పెంచే హేచరీల నుంచి గుడ్లు తెప్పించి మళ్లీ మొదలుపెట్టారు. ఈ పనిలో కిటుకంతా పిల్లల్ని వదిలే చోటులో ఉంది. ఏ వాగుకు తిరిగి రావాలో ఆ వాగు నీళ్లు పారే చెరువులోనే కొన్నాళ్లు ఉంచుతారు. ఆ నీటి వాసన పిల్లచేపకు ఒంటబడుతుంది. సముద్రంలో ఏడాదికి పైగా తిరిగి పెద్దదయ్యాక, దారిలోని ఎనిమిది ఆనకట్టల దగ్గర కట్టిన నీటిమెట్లు ఒక్కొక్కటే ఎక్కి, ఆ వాసన పట్టుకుని ఇంటికొస్తుంది.

హేచరీ చేపలు కలిస్తే సహజ జాతి బలహీనపడుతుందన్న శాస్త్రవేత్తల ఆందోళన సబబైనదే. కానీ ఇక్కడ బలహీనపడటానికి సొంత కోహో ఒక్కటీ మిగల్లేదు కదా! శరత్కాలపు చినూక్ సాల్మన్ సంగతీ చూడండి. 1990లో లోయర్ గ్రానైట్ దాటిన సహజ చేపలు 78. తెగ, రాష్ట్రాలు, ఫెడరల్ సంస్థలు కలిసి పనిచేశాక, 2013లో హేచరీవీ సహజమైనవీ కలిపి 50 వేలు మించి వచ్చాయి.

1855 ఒప్పందంలో ఈ తెగ భూములు వదులుకుంది గానీ, తాతల నాటి రేవుల్లో చేపలు పట్టే హక్కును వదులుకోలేదు. చేపే లేని నదిలో ఆ హక్కుకు అర్థం లేదు. అందుకే వాళ్లు ఇంత శ్రమపడ్డారు. ఆ ఫలం వాళ్లొక్కరికే దక్కలేదు. గాలం పట్టుకుని స్నేక్ ఉపనది క్లియర్‌వాటర్ ఒడ్డుకు వచ్చే ప్రతి ఒక్కరికీ అందింది.

స్నేక్ దిగువన చేపల దారికి అడ్డంగా ఉన్న నాలుగు ఆనకట్టలను తొలగించాలని తెగ ఎప్పటినుంచో అడుగుతోంది. నదిలో చేపలను నిలబెట్టేందుకు 2023 డిసెంబరులో ఆదివాసీ తెగలతో కుదుర్చుకున్న ఒప్పందం నుంచి ఫెడరల్ ప్రభుత్వం 2025 జూన్‌లో తప్పుకుంది. ఇది అన్యాయం. హేచరీ ఎంత బాగా నడిచినా అడ్డు లేకుండా పారే నదికి సాటిరాదు. 1855లో ఇచ్చిన మాట మీద గౌరవం ఉంటే, ప్రభుత్వం తిరిగి ఆ తెగలతో చర్చకు కూర్చోవాలి.