మన పెరడు: బిందె నీళ్ళతో బ్రతికే తోట



వనపర్తి ప్రాంతము నుండి ఒక తల్లి వ్రాసిన ఉత్తరము ఈ నెల మా ముందున్నది. ఆమె పెద్ద కుమారుడు అమెరికాలో, మేరీల్యాండ్‌లో ఉంటాడట. తన ఇంటి ముందరి పచ్చగడ్డి ఫోటో పంపి, "అమ్మా, మన కొత్త ఇంటి ముందు కూడా ఇట్లాగే వేయించు, పైసలు నేను పంపుతా" అన్నాడట. "కొడుకు ముచ్చట కాదనలేను. కానీ ఏప్రిల్ వస్తే మా బోరు గంటసేపు కూడా పోయదు. ఏమి చేయమంటారు?" అని ఆమె అడిగారు.

అమ్మా, గడ్డి వేయించవద్దు. ఈ మాట మేము అనుభవము మీద చెబుతున్నాము. మేమూ ఒకప్పుడు పట్నము నుండి గడ్డి, క్రోటన్లు, గులాబీలు తెచ్చి నాటాము. సంక్రాంతికి చూడముచ్చటగా ఉన్నది. మే నెలలో బోరు ఎండింది. త్రాగే నీళ్ళకు పక్కింటివారి వాకిట్లో బిందె పట్టుకొని నిలబడిన రోజున, ఆ గడ్డికి పోసిన నీళ్ళన్నీ మాకు జ్ఞాపకము వచ్చాయి.

లెక్క చూడండి. వెయ్యి చదరపు అడుగుల గడ్డికి ఎండాకాలములో రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు పెట్టినా 460 లీటర్లు దాటుతుంది. అంటే సుమారు ముప్పై బిందెలు. మేరీల్యాండ్‌లో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, అది కూడా అన్ని నెలలకు ఇంచుమించు సమానముగా. మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు పడేది అటూ ఇటుగా 600. అందులో ఎక్కువ భాగము జూన్ నుండి సెప్టెంబరు లోపలే. అమెరికాలోనూ ఎండ ప్రాంతాల వారు ఈ సంగతి గ్రహించారు. డెన్వర్ నగరపు నీటి సంస్థ 1981లోనే తక్కువ నీటితో పెరిగే తోటలకు జెరిస్కేప్ అని పేరు పెట్టి ప్రచారము చేసింది. మీ అబ్బాయికి ఈ మాట చెప్పండి, అర్థము చేసుకుంటాడు.

మరి ఇంటి ముందు ఏమి వేయాలి? మొదట పడమటి దిక్కు చూడండి. సాయంత్రపు ఎండ గోడను కాల్చేది అక్కడే. గోడకు పదిహేను ఇరవై అడుగుల దూరములో ఒక వేపను గాని కానుగను గాని నాటండి. మొదటి రెండు మూడు వేసవులు నీళ్ళు పోసి కాపాడితే తరువాత వాటి తిప్పలు అవే పడతాయి. ఇక సీతాఫలము. మన పాలమూరు రాళ్ళ గుట్టల మీద ఎవరూ నీళ్ళు పోయకుండానే కాస్తుంది కదా! దేశమంతటా పేరున్న బాలానగర్ రకము మన పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని బాలానగర్ పేరు మీదనే వచ్చింది. దానిని వదిలి క్రోటన్లకు డబ్బు పెట్టడము మాకు ఇప్పుడు నవ్వు తెప్పిస్తుంది. దానితోపాటు రేగు, దానిమ్మ, కరివేపాకు, ఒక మునగ. మునగ కొమ్మ పెళుసు. ఇంటి కప్పు మీదికి రాకుండా దూరముగా పెట్టండి. వానాకాలములో మొద్దుకు గొంగళి పురుగులు గుంపుగా పడతాయి, పిల్లలను దగ్గరికి పోనీయవద్దు. పూలకు నందివర్ధనము, మందారము చాలు. గన్నేరు ఎండకు బాగా ఓర్చుకుంటుంది గాని విషము. మేకలు, చిన్నపిల్లలు ఉన్న ఇంట మేము వేయమనము.

గుంతలు మే నెలలోనే రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు తీసి ఎండనివ్వండి. చెలక మట్టి నీళ్ళను నిలుపదు గనుక చెరువు మట్టి, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. నడిగడ్డలో నల్లరేగడి ఉన్నవారికి చెరువు మట్టి అక్కరలేదు; అక్కడ నీరు నిలిచి వేరు కుళ్ళకుండా చూచుకుంటే చాలు. మృగశిర కార్తె దాటి రెండు మంచి వానలు పడ్డాక నాటండి.

వేసవికి ఒక పాత ఉపాయము. కాల్చిన మట్టి కుండను మొక్క ప్రక్కన మెడ వరకు పాతిపెట్టి, నీళ్ళు నింపి మూత పెట్టండి. రంగు పూసిన కుండ పనికిరాదు. నీరు మెల్లమెల్లగా చెమ్మగిల్లి వేరుకే అందుతుంది; పైన ఎండకు ఆవిరి కాదు. రెండు వేల ఏళ్ళ క్రిందటే చైనా రైతులకు ఈ పద్ధతి తెలుసు. చెట్టు మొదట్లో వేరుశనగ పొట్టు గాని ఎండుటాకులు గాని నాలుగు అంగుళాల మందము పరచండి. చెదలు ఉన్నచోట మొదలుకు తాకనీయకండి. స్నానాల గచ్చు నీళ్ళు అరటికి మళ్ళించవచ్చును. సబ్బు నీళ్ళు గనుక ఆకుకూరలకు మాత్రము వద్దు.

సీతాఫలము మూడు నాలుగేళ్ళకు కాపుకు వస్తుంది. ఆ కాయలతో మీరూ ఒక ఫోటో తీయించి మేరీల్యాండ్‌కు పంపండి తల్లీ.

పందిరి చిక్కుడు గురించి అడిగిన నాగర్‌కర్నూలు పాఠకులకు వచ్చే నెల వ్రాస్తాము.