రాత్రి రెండు గంటలకు పిలిస్తే పలికేదెవరు?

అమ్మానాన్నల కోసం వృద్ధాశ్రమం వెతికేవాళ్లు సాధారణంగా ఆదివారం పొద్దున, ముందుగా ఫోన్ చేసి మరీ వెళతారు. నిర్వాహకుడు గేటు దాకా ఎదురొస్తాడు. తోట, చిన్న గుడి, తళతళలాడే వంటగది, గోడకు అంటించిన వారం రోజుల మెనూ చూపిస్తాడు. ఏసీ గదికి ఇంత, మామూలు గదికి ఇంత అని చెబుతాడు. ఆస్పత్రి ఎంత దూరం, డాక్టరు వారానికి ఎన్నిసార్లు వస్తారు అని రెండు ప్రశ్నలు అడిగి, అడ్వాన్సు కట్టి వచ్చేస్తారు. బయటి మనిషికి కనిపించేది అంతే కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. కానీ అక్కడ ఉండబోయే పెద్దావిడ రేపు మంచం పడితే ఆ తోట ఆమెకు ఎందుకూ పనికిరాదు. బాత్రూంకు వెళ్లాలని రాత్రి రెండు గంటలకు పిలిస్తే పలికేవాళ్లున్నారా, ఎంతసేపట్లో వస్తారు, వచ్చిన మనిషికి ఆమెను పడిపోకుండా లేపడం తెలుసా అన్నదే అప్పుడు మిగిలే ప్రశ్న.

ఉమ్మడి కుటుంబం పోయిందని విచారించే వ్యాసాలు తెలుగులో కావలసినన్ని ఉన్నాయి. ఇంకొకటి చేర్చనక్కర్లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు పుట్టే పిల్లల సగటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఆ ఒకరిద్దరు పిల్లలూ బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటారు. కాబట్టి డబ్బు తీసుకుని పెద్దలను చూసుకునే ఇళ్లు పెరుగుతాయి, పెరగాలి కూడా. వాటి మంచిచెడ్డలు తేల్చేదెలా అన్న ప్రశ్నను మాత్రం మనం ఇంకా సరిగ్గా మొదలుపెట్టనేలేదు.

ఈ పనిని బాగా లెక్కల్లోకి దించిన దేశాల్లో అమెరికా ఒకటి. అక్కడ దాదాపు 15 వేల నర్సింగ్ హోములున్నాయి. వాటిలోని దుస్థితిపై 1986లో వచ్చిన ఒక ప్రముఖ నివేదిక తర్వాత, 1987లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. మనిషిని ఊరికే మంచానికి కట్టేయకూడదని, ప్రతి ఒక్కరి అవసరాలనూ విడిగా మదింపు చేయాలని, తనిఖీలు చెప్పకుండా జరగాలని అందులో రాశారు. 2008 డిసెంబరు నుంచి ప్రతి హోముకూ ఒకటి నుంచి ఐదు వరకు నక్షత్రాలు ఇచ్చి ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. తనిఖీల్లో బయటపడ్డ లోపాలు, సిబ్బంది సంఖ్య, పుండ్లు, పడిపోవడాలు, మందుల వాడకం వంటి ఆరోగ్య సూచికలు: ఈ మూడింటిని బట్టి నక్షత్రాలు పడతాయి.

చదవడానికి బ్రహ్మాండంగా ఉంది. నడిచిన తీరు వేరు. మొదటి పదేళ్లు సిబ్బంది ఎంతమంది ఉన్నారన్నది హోములు తామే చెప్పుకునేవి, అదీ తనిఖీ జరిగే రోజుల లెక్క. తర్వాత జీతాల రికార్డుల నుంచి నేరుగా సమాచారం తీసుకోవడం మొదలైంది. 2018లో అది బయటికొచ్చాక చూస్తే, చాలాచోట్ల శనాదివారాల్లో సిబ్బంది సంఖ్య బాగా పడిపోతోంది. పిల్లలు చూడ్డానికొచ్చే రోజుల్లోనే ఇలా ఉంటే ఎవరూ రాని రాత్రుల సంగతి ఊహించుకోవచ్చు.

ఆరోగ్య సూచికల్లో ఎక్కువ భాగం హోములు సొంతంగా నింపి పంపేవే. అందులో ఒక వ్యవహారం మరీ ఘోరం. మతిమరుపు జబ్బుతో అల్లరి చేసే వృద్ధులకు మత్తెక్కించే మానసిక వ్యాధి మందులు ఇచ్చి పడుకోబెడితే మార్కులు తగ్గుతాయి. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లకు ఇస్తే మాత్రం ఆ లెక్కలోకి రాదు. దాంతో ఎనభై ఏళ్లు దాటినవాళ్ల కేసు షీట్లలో ఉన్నట్టుండి స్కిజోఫ్రీనియా ప్రత్యక్షమైంది. సాధారణంగా నలభై లోపే మొదలయ్యే జబ్బది. 2021లో న్యూయార్క్ టైమ్స్ ఈ సంగతి బయటపెట్టింది. 2023లో ప్రభుత్వం ప్రత్యేక ఆడిట్లు మొదలుపెట్టింది. ఎవరి పేపరు వాళ్లే దిద్దుకుంటే ఇంతకంటే ఏమవుతుంది?

2020 ఫిబ్రవరి చివర్లో అమెరికాలో కొవిడ్ మొదట విరుచుకుపడిన చోట్లలో వాషింగ్టన్ రాష్ట్రం కిర్క్‌లాండ్‌లోని నర్సింగ్ హోము ఒకటి. అప్పటికి దానికి ఐదు నక్షత్రాలున్నాయి.

అయితే నక్షత్రాలు వట్టి మోసమని తేల్చేయడం తొందరపాటు. నక్షత్రాల వెనకున్న తనిఖీ నివేదికలు చాలా విలువైనవి. ఏ తేదీన ఏ గదిలో ఏం కనిపించింది, పిలుపు గంట మోగాక ఎంతసేపటికి వచ్చారు అన్నది రోగి పేరు లేకుండా, పూర్తి వివరంగా, ఎవరైనా చదువుకునేలా ఉంటుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడ అత్తగారికో నాన్నగారికో హోము చూడాల్సి వస్తే నక్షత్రాలు పక్కనపెట్టి ఆ నివేదికలూ, శనాదివారాల సిబ్బంది లెక్కా చదవాలి.

అసలు కొలత సిబ్బందే అని అక్కడి ప్రభుత్వానికీ తెలుసు. ఎక్కువ కాలం ఉండే ఒక్కొక్కరికి రోజుకు 4.1 గంటల సంరక్షణ కావాలని 2001లో ప్రభుత్వం చేయించిన అధ్యయనమే చెప్పింది. 2024లో కనీసం 3.48 గంటలు ఉండి తీరాలని నిబంధన తెచ్చారు. పల్లెల్లో నర్సులు దొరకరని, ఖర్చు భరించలేమని యాజమాన్యాలు మొత్తుకున్నాయి. అందులో కొంత నిజం లేకపోలేదు. 2025 ఏప్రిల్‌లో టెక్సస్ ఫెడరల్ కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. అదే ఏడాది చేసిన చట్టంతో దాని అమలు 2034 దాకా వాయిదా పడింది. కొలత తెలియడం ఒకటి, దానికి డబ్బు పెట్టించడం మరొకటి.

ఆ 3.48 గంటలను మన లెక్కలోకి మార్చి చూద్దాం. ముప్ఫై మంది ఉన్న ఇంట్లో రోజుకు 104 గంటల పని. మన దగ్గర ఆయాలకు, కేర్‌టేకర్లకు పన్నెండు గంటల డ్యూటీ మామూలు కనుక దాదాపు తొమ్మిది డ్యూటీలు. అంటే పగలు అయిదుగురు, రాత్రి నలుగురు. మన ఊళ్లలో ముప్ఫై మంది ఉన్న ఇంటికి వెళ్లి రాత్రి ఎంతమంది ఉంటారని అడగండి. ‘ఒకావిడ ఉంటుందండీ, వాచ్‌మన్ కూడా ఉంటాడు’ అంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఒక్కరే ఉంటే ఏమవుతుందో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. మంచంలోంచి కదల్లేనివాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలన్నది నర్సింగ్‌లో పాతకాలం నుంచీ ఉన్న నియమం. లేకపోతే నడుము కింద, మడమల దగ్గర చర్మం నల్లబడి పుండు పడుతుంది. అది ఎముక దాకా పోయాక ఏ ఆయింట్‌మెంటూ పనిచేయదు. అలాంటివాళ్లు పది మంది ఉన్నారనుకోండి. డైపర్ మార్చి, తుడిచి, పక్కకు తిప్పి, దిండ్లు సర్ది, గుక్కెడు నీళ్లు పట్టడానికి ఒక్కొక్కరికి పది నిమిషాలు. పది మందికి వంద నిమిషాలు. ఆ రెండు గంటల్లో మిగిలేది ఇరవై నిమిషాలు. ఈలోగా ఇంకెవరైనా పిలిస్తే, ఒకరు దగ్గితే, ఇంకొకరు లేచి గేటు వైపు నడిస్తే? పైగా బరువున్న మనిషిని తిప్పడానికి ఇద్దరు కావాలి. ఆయా ఎంత దయగలదైనా ఈ లెక్క కుదరదు. నిద్రమాత్ర, మంచానికి కట్టిన చున్నీ, పొద్దుటిదాకా మార్చని డైపర్ ఇక్కడి నుంచే వస్తాయి. దాన్ని మనుషుల క్రూరత్వం అంటాం. చాలాసార్లు అది చేతులు చాలకపోవడమే.

క్రూరత్వం లేదని కాదు. 2020 జనవరిలో హైదరాబాద్ శివారు నాగారంలో అనుమతి లేకుండా నడుస్తున్న ఒక ఇంటి నుంచి డెబ్భై మందికి పైగా మనుషులను పోలీసులు బయటికి తెచ్చారు. వాళ్లలో గొలుసులతో కట్టేసినవాళ్లూ ఉన్నారు. చుట్టుపక్కలవాళ్లు అరుపులు విని ఫిర్యాదు చేస్తే తప్ప తెలియలేదు.

చట్టం సంగతికి వస్తే, 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 19వ సెక్షన్ జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, అందులో నూట యాభై మంది నిరుపేదలకు చోటు అని చెబుతుంది. ఆశ్రమాల నిర్వహణకు ప్రమాణాలు నిర్దేశించే అధికారాన్ని రాష్ట్రాలకు ఇస్తుంది. డబ్బు తీసుకుని నడిపే ప్రైవేటు ఇళ్లకు తప్పనిసరి రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు ఉండాలన్న సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభకు వచ్చింది. స్థాయీ సంఘానికి వెళ్లింది. 2024లో లోక్‌సభ గడువు తీరడంతో మురిగిపోయింది. మన రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్ గురించి ఉత్తర్వులు, హెచ్చరికలు అప్పుడప్పుడు వినిపిస్తాయి. ఫలానా ఇంటిని ఎవరు, ఎప్పుడు తనిఖీ చేశారో, ఏం చూశారో ఒక మామూలు కుటుంబం ఫోన్‌లో చూసుకునే ఏర్పాటు మాత్రం లేదు.

భవనం మాటేమిటి? మన వృద్ధాశ్రమాల్లో చాలామటుకు అద్దెకు తీసుకున్న విల్లాలు, అపార్ట్‌మెంట్లు. పరుగెత్తలేనివాళ్లు ముప్ఫై మంది రెండో అంతస్తులో ఉండటానికి కట్టినవి కావు. 2020 ఆగస్టులో విజయవాడలో కొవిడ్ కేంద్రంగా మార్చిన హోటల్లో మంటలు లేచి పది మంది చనిపోయారు. వేరే పనికి కట్టిన ఇంట్లో జబ్బుపడ్డవాళ్లను పెడితే ఏం జరగవచ్చో అంతకంటే పెద్ద హెచ్చరిక ఉండదు. ఎండ సంగతి ఫ్లోరిడా చెబుతుంది. 2017 సెప్టెంబరులో తుపాను వల్ల హాలీవుడ్ పట్టణంలోని ఒక నర్సింగ్ హోములో ఏసీ ఆగిపోయింది. ఉక్కపోతకు పన్నెండు మంది చనిపోయారు. నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో పెద్దాస్పత్రి ఉంది. ‘ఆస్పత్రి పక్కనే’ అన్న భరోసా ఎంతవరకో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు. ఆస్పత్రికి పంపాలని నిర్ణయించే మనిషి డ్యూటీలో ఉండాలి. రామగుండంలో, విజయవాడలో మే నెలలో కరెంటు పోతే జనరేటర్ ఎన్ని గంటలు నడుస్తుంది, అది ఫ్యాన్లకు ఉందా లైట్లకేనా అని అడగడం అందుకే అవసరం.

కుటుంబాలు చేయగలిగింది కొంత ఉంది. రెండోసారి చెప్పకుండా వెళ్లండి, రాత్రి భోజనాల వేళకు. తినిపించాల్సినవాళ్లకు ఎవరు తినిపిస్తున్నారు, కూర్చోబెట్టి పెడుతున్నారా పడుకోబెట్టి నోట్లో కుక్కుతున్నారా చూడండి. పడుకోబెట్టి పెడితే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, న్యుమోనియా అలా కూడా వస్తుంది. నెలనెలా బరువు రాసే పుస్తకం అడగండి. పుస్తకమే లేకపోతే అదీ ఒక జవాబే. మందుల చార్టులో కొత్తగా చేరిన నిద్రమాత్ర ఏ డాక్టరు, ఎందుకు రాశారో అడగండి. నిర్వాహకుణ్ణి పక్కన పెట్టి ఆయాతో రెండు మాటలు కలపండి: ‘ఎన్నాళ్లుగా చేస్తున్నావమ్మా ఇక్కడ?’ అందరూ రెండు మూడు నెలల వాళ్లే అయితే ఆ ఇంట్లో జీతం, తిండి, నిద్ర ఏదో ఒకటి సరిగ్గా లేదు. మతిమరుపు వచ్చిన పెద్దావిడ గుర్తుపట్టేది చేతి స్పర్శనే, ఆ చేయి ప్రతి మూడు నెలలకూ మారితే ఆమె తిండి మానేయవచ్చు.

విదేశాల్లో ఉన్న పిల్లలకు వీడియో కాల్ ఒక్కటే కిటికీ. తల దువ్వి, బొట్టు పెట్టి, ఉతికిన చీర కట్టి కూర్చోబెట్టిన అమ్మ ముఖం అందులో కనిపిస్తుంది. మడమలు కనిపించవు. దుప్పటి తీసి పాదాలు చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు. పిన్నికొడుకునో చిన్ననాటి స్నేహితుణ్ణో నెలకోసారి ఏదో ఒక రోజున, ఫోన్ చేయకుండా వెళ్లి రమ్మనండి.

నిబంధనలు గట్టిగా పెడితే పది మంది అనాథ వృద్ధులకు ఉచితంగా అన్నం పెట్టే చిన్న ఇళ్లు మూతపడతాయన్న భయం ఒకటుంది. అది కొట్టిపారేయదగ్గది కాదు. అలాంటివాటికి గడువు, కొంత సాయం ఇవ్వాలి. నెలకు వేలకు వేలు వసూలు చేసేచోట ఆ సాకు చెల్లదు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ అమెరికాలా నక్షత్రాలతో మొదలుపెట్టొద్దు, ఇక్కడా అవి కొనుక్కునే సరుకే అవుతాయి. ప్రైవేటు ఇళ్లన్నిటినీ రిజిస్టర్ చేయాలి. రాత్రి వేళ, చెప్పకుండా తనిఖీలు చేయించాలి. ఆ నివేదికలను, డ్యూటీ పట్టికలను తెలుగులో అందరూ చదివేలా ఉంచాలి. ఇందులో ఏదీ ఢిల్లీ బిల్లు కోసం ఆగాల్సినది కాదు.

ఈలోగా ఏ ఇంటి మీదనైనా అనుమానం వస్తే, మీవాళ్లు అక్కడ ఉన్నా లేకపోయినా, వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు. అది ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. ఆ తర్వాతైతే 112.