చుక్కల గీత

మా విద్యార్థులు కంప్యూటరుమీద శ్రీహరికోట పటమును గీయునప్పుడు ఒక వింతను చూచుచున్నాము. రాకెట్టు పోవు దారిని చుక్కలతో చూపవలసివచ్చినచో, మౌసును మాటిమాటికి నొక్కుచు చుక్క తరువాత చుక్క పెట్టుదురు. తీరముకడ చుక్కలు ఎడమెడముగ నుండును. సముద్రమధ్యమునకు పోవునప్పటికి చేయి యలసి ఒకదానిపై నొకటి పడును. వాకిట ముగ్గు వేయు తల్లి యిట్టి చుక్కలను చూచినచో చెరిపి మరల పెట్టింపక మానదు.

ఈ శ్రమ యనవసరము. ఫోటోషాప్, గింప్ మొదలగువానిలోని కుంచె మన చేతి కుంచెవంటిది కాదు. అది నిజమునకొక ముద్ర. మనము గీత యనుకొనునది ఆ ముద్ర దట్టముగ పడుటవలన కలిగిన భ్రాంతి. ముద్రకును ముద్రకును గల యెడమును కుంచె వ్యాసములో నూటికిన్ని పాళ్లని లెక్కింతురు. ఫోటోషాప్‌లో గుండ్రని కుంచెకు మామూలుగ 25 ఉండును. 100 చేసినచో చుక్కలు ఒకదాని నొకటి తాకి నిలుచును. 200 చేసినచో రెండు చుక్కల నడుమ సరిగ నొక చుక్క చోటు మిగులును. గట్టి యంచుగల కుంచెనే తీసికొనవలెను. మెత్తని యంచు చుక్కను మసకబార్చును. ఒక కొసను నొక్కి, షిఫ్టు మీటను పట్టుకొని రెండవ కొసను నొక్కినచో చుక్కలు తిన్నగ బారులు తీరును. వంపు దారికైనచో ముందు పథమును గీసి, దాని వెంబడి కుంచెను నడిపింపవచ్చును. వేరొక పొరమీద గీసికొన్నచో తప్పు దిద్దుట సులభము.

ఇంతవరకు చేతిపని. చుక్కల గీత సంశయమునకు గుర్తనియు, చదువుకొన్నవాడు నిండు గీతయే గీయవలెననియు కొందరు పెద్దలు చెప్పుదురు. మే మంగీకరింపము. 1979 ఆగష్టు 10వ తేదీన ఇచ్చటనుండి లేచిన యస్.యల్.వి.-3 బంగాళాఖాతములో పడిపోయెను. 1980 జూలై 18వ తేదీన లేచినది రోహిణిని కక్ష్యలో నిలిపెను. రెంటికిని కక్ష్యవరకు నిండు గీత గీసినచో మొదటి పటము బొంకు గాదా? అనుకొన్న దారి చుక్కలతో నుండవలెను. నడచిన దారి నిండుగ నుండి, ఆగినచోట ఆగవలెను. అట్లే ధ్రువకక్ష్యకు పోవు పి.యస్.యల్.వి. శ్రీలంకను తప్పించుకొనుటకై మొదట ఆగ్నేయముగ పోయి, పిదప దక్షిణమునకు మరలును. స్కేలు పెట్టి తిన్నగ దక్షిణమునకు గీసిన బాలుడు దానిని శ్రీలంకమీదుగ పంపినవాడగును!

పులికాటు సరస్సు అంచు మరియు చిక్కు. వేసవిలో నీరు వెనుకకు పోవును, వానకాలమున ముందుకు వచ్చును. ఏ నెల యంచును నిండు గీతతో గీయుదురు? వానకాలపు టంచును నిండుగను, వేసవి యంచును చుక్కలతోను గీసి, ఏది యేదో పటము క్రింద వ్రాయుడని మా సలహా. ఈ సంచికకై వచ్చిన పటములలో రెంటిని ఇందుకే త్రిప్పి పంపితిమి. ఒకటి దిద్దబడి వచ్చినది, రెండవదానికై యెదురుచూచుచున్నాము.